ఎలాగోలా చూడు

“ఎలాగోలా చూడవయ్యా, రేపటికల్లా పనైపోవాలి.” విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఆఫీసైనా, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టైనా, గుంటూరులో మిర్చి కమీషన్ దుకాణమైనా రోజుకు పదిసార్లు వినపడే మాట ఇది. అనేవాడి మనసులో చెడు ఉండకపోవచ్చు, తొందరలో అంటాడు. వినేవాడికి మాత్రం అందులో మూడు సంగతులు వినపడతాయి. పని కావాల్సిందే. ఎలా అయిందో నేనడగను. తేడా వస్తే నీ పేరే. తప్పు చెయ్యమని ఏ యజమానీ నోరు తెరిచి చెప్పడు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఈ ఒక్క మాట చాలు.

ఉద్యోగుల నిజాయితీ గురించి మాట మొదలైతే మనవాళ్లు పెంపకం, దైవభక్తి, కలికాలం దాకా వెళ్లిపోతారు. వాటికి విలువ లేదని నేననను గానీ, వాటితో దుకాణం నడపలేం. నా లెక్క చాలా చిన్నది. ఒక సంస్థలో నీతి ఎంతుందో తెలియాలంటే, అక్కడ నిజం చెప్పినవాడికి ఆ రోజు ఎంత ఖర్చవుతుందో చూడండి. “సరుకు చెమ్మెక్కింది సార్”, “ఈ నెల టార్గెట్ రాదండీ”, “గల్లాలో రెండొందలు తక్కువొచ్చాయి” లాంటి మాటలకు బదులుగా తిట్లో, జీతంలో కోతో, పదిమందిలో అవమానమో దొరికితే నిజం ఖరీదైన సరుకవుతుంది. అబద్ధానికి ఆ రోజుకి ఖర్చు సున్నా. నెలాఖర్లో మంచివాడైనా చవకైన సరుకే కొంటాడు.

మిర్చి సంగతే తీసుకుందాం. కళ్లంలో బాగా ఎండిన కాయ గలగలమంటుంది. దాన్ని అలాగే తిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, తొక్కి నింపితే కాయ విరిగి గింజ రాలిపోతుంది, ధర పడిపోతుంది. అందుకని నింపే ముందు కాసిని నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. ఆ ‘కాసిని’ ఎన్ని అన్నదగ్గరే కథంతా ఉంది. 45 కిలోల తిక్కీలో తేమ 10 శాతం నుంచి 14 శాతానికి పెరిగితే సుమారు 2 కిలోల బరువు ఊరికే వస్తుంది. కిలో 150 రూపాయలనుకుంటే తిక్కీకి 300, వంద తిక్కీల లాటుకి 30 వేలు. నీళ్లకి రేటు లేదు కాబట్టి ఇది శుద్ధ లాభంలా కనపడుతుంది. ఆ తేమలోనే బూజు పుడుతుంది, కొన్ని జాతుల బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఐరోపా సమాఖ్య మిర్చిలో ఒప్పుకునే హద్దు అఫ్లాటాక్సిన్ బి1 అయితే కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. అంటే ఒక టన్ను సరుకులో 5 మిల్లీగ్రాముల బి1 దాటితే కంటైనర్ వెనక్కొచ్చినట్టే. ఆ తర్వాత ఎంత ఎండబెట్టినా, మరపట్టినా, వండినా ఆ విషం పోదు.

నీళ్లు చల్లిన కూలీని దొంగ అందామా? అతనికి అందిన ఆదేశం “కాయ విరక్కూడదు, బరువు తగ్గకూడదు.” తేమ ఎంత ఉండాలో అతనికి ఎవరూ చెప్పలేదు, కొలిచే మీటర్ ఆఫీసు గదిలో అలమరాలో ఉంది. ఇక్కడ చెడిపోయింది మనిషి కంటే ముందు ఆదేశం.

మచ్చు తీసే మనిషి పరిస్థితి ఇంకా కష్టం. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు. ఒక తిక్కీలో గుప్పెడు బూజు కాయలుంటే పక్క తిక్కీలో ఒక్కటీ ఉండకపోవచ్చు. అందుకే లాటులో వేర్వేరు వరసల నుంచి, పైనా మధ్యా అడుగునా, చాలా తిక్కీల్లోంచి కొంచెం కొంచెం తీసి కలిపి ల్యాబుకి పంపాలి. గుంటూరులోనే సుగంధ ద్రవ్యాల బోర్డు ల్యాబ్ ఉంది, పరీక్షకి దూరం పోనక్కర్లేదు. కానీ డిస్పాచ్ మేనేజర్ పక్కన నిలబడి “కంటైనర్ రాత్రికి వెళ్లిపోవాలి” అంటుంటే మచ్చు తీసేవాడి చెయ్యి దానంతటదే పై వరసలోని మెరిసే కాయల వైపు పోతుంది. ఇక్కడ పాసైన సరుకు అవతలి రేవులో ఫెయిలవుతుంది. ల్యాబు తప్పు చెప్పలేదు, తన చేతికొచ్చిన కాయల గురించి నిజమే చెప్పింది. కల్తీ రంగు కథా ఇంతే. 2005లో బ్రిటన్‌లో తిండిలో వాడకూడని సూడాన్ రంగు కలిసిన కారప్పొడి వల్ల నాలుగొందలకి పైగా ఆహార పదార్థాల్ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ కారం మన దేశం నుంచి వెళ్లిందే. కలిపిన చోట అది చిన్న విషయంలా కనపడి ఉంటుంది.

ఈ చోట పనిచేసే ఏర్పాట్లు పెద్ద ఖర్చైనవేమీ కావు. సరుకు దిగినప్పుడు, తిక్కీ కుట్టే ముందు, కోల్డ్ స్టోరేజీకి వెళ్లేటప్పుడు, మూడుచోట్ల తేమ కొలిచి, కొలిచిన మనిషి సంతకంతో ఒకే కాగితం మీద రాయించండి. తేమ 11 శాతం దాటితే లాటు ఆగుతుందని ముందే చెప్పండి. మచ్చు తీసేవాడు డిస్పాచ్ మేనేజర్‌కి కాకుండా నేరుగా యజమానికి జవాబుదారీగా ఉండాలి. అతని బోనస్‌కీ ఆ నెల ఎన్ని టన్నులు వెళ్లాయన్నదానికీ ముడి ఉండకూడదు. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. హమాలీకి కూలి బస్తా లెక్కన వస్తుంది. లాటు ఆపితే ఆ పూట అతని కూలి పోతుంది. కాబట్టి ‘ఆపండి’ అన్న కుర్రాడి మీద ముందు విసుక్కునేది యజమాని కాదు, తోటి కూలీలే. ఆగిన లాటుకి సగం కూలైనా ఇవ్వకపోతే ఆపే అధికారం కాగితం మీదే మిగిలిపోతుంది. వంద తిక్కీల సగం కూలీ ఎంత, వెనక్కొచ్చిన కంటైనర్ ఓడ ఖర్చెంత?

కాటా గురించి కూడా ఒక మాట. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. అది చాలదు. రోజూ పొద్దున్నే 20 కిలోల ప్రామాణిక రాయిని పళ్లెం మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడాలి. మూలకీ మధ్యకీ తేడా వస్తే కింద బరువు పసిగట్టే లోడ్ సెల్ పాడైందో, ఎవరో వేలు పెట్టారో. తిక్కీకి అరకిలో తేడా అంటే వంద తిక్కీలకి అర క్వింటాలు. ఈ పరీక్ష రైతు ముందు చేయిస్తే రెండు లాభాలు: రైతుకి నమ్మకం, కాటా వేసే మనిషికి రక్షణ. తర్వాత ఎవరైనా “నువ్వే తగ్గించావు” అంటే చూపించడానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇప్పుడు టార్గెట్లు. విజయవాడ చుట్టుపక్కల పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు తెనాలి, సత్తెనపల్లి, నూజివీడు ఊళ్లల్లో ఇంటింటికీ తిరుగుతారు. జీతం తక్కువ, అడ్మిషన్‌కి ఇంత అని కమీషన్. ఆ కుర్రాళ్లు పుట్టుకతో అబద్ధాలకోరులేం కాదు. వాళ్లలో చాలామంది ఆ కాలేజీల్లోనే చదివినవాళ్లు. కానీ సంఖ్యకి డబ్బిచ్చి, మాటకి లెక్క అడక్కపోతే “గదికి ఇద్దరేనండీ, ఏసీ ఉంది, ఫీజు సంగతి నేను చూసుకుంటా బాబాయ్” అని చెప్పక ఏం చేస్తారు? జులైలో తండ్రి వచ్చి వార్డెన్ మీద అరిచేసరికి పీఆర్వో ఇంకో బ్రాంచిలో ఉంటాడు. అబద్ధం చెప్పినవాడికి కమీషన్, చెప్పనివాడికి తిట్లు. ర్యాంకర్ల ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఫలితాలు వచ్చాకే విద్యార్థి సమ్మతి తీసుకుని ఫొటో వెయ్యాలి, అతను చదివింది ఏ కోర్సో, ఎన్నాళ్లో చెప్పాలి. మంచిదే. కానీ వరండాలో మంచం మీద కూర్చుని చెప్పే మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

దాన్ని సరిచెయ్యాలంటే డబ్బు ఇచ్చే తేదీ మార్చాలి. కమీషన్‌లో సగం చేరినప్పుడు, మిగతా సగం దసరా సెలవుల తర్వాత పిల్లవాడు ఇంకా అక్కడే ఉంటే. గది, ఫీజు, సెక్షన్, ఈ మూడింటి మీద ఏం మాటిచ్చారో చేతిరాతతో ఒక చీటీ, ఒక కాపీ తల్లిదండ్రులకి. వారంలోపు పీఆర్వో కాని ఇంకో మనిషి ఫోన్ చేసి “మీకేం చెప్పారండీ?” అని అడగాలి. ఇంతే. ఈ ఫోన్ వస్తుందని తెలిసిన పీఆర్వో మాట్లాడే తీరే మారిపోతుంది.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఇదే పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలని పైనుంచి ఒత్తిడి. కింద ఉద్యోగులు ఖాతాదారులకి తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగుల్ని తీసేశారు. ఆ సంఖ్య దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఐదువేలమంది చెడ్డవాళ్లు ఒకే బ్యాంకులో పోగవ్వరు. అంతమంది ఒకే తప్పు చేశారంటే అది వాళ్ల ఉద్యోగ వివరణలో ఎక్కడో రాసి ఉన్నట్టే.

గల్లాపెట్టె దగ్గరికొద్దాం. బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో రద్దీ ఉన్న కొట్లో చిల్లర ఇచ్చిపుచ్చుకోవడంలో రోజూ ఇరవయ్యో యాభయ్యో తేడా రావడం సహజం. చాలాచోట్ల నియమం ఒకటే: తక్కువొస్తే క్యాషియర్ జీతంలో కోత, ఎక్కువొస్తే యజమాని జేబు. ఇక క్యాషియర్ ఏం చేస్తుంది? ఎక్కువొచ్చిన రోజు ఆ యాభై రూపాయలు డ్రాయర్ వెనక దాచి, తక్కువొచ్చిన రోజు పూడుస్తుంది. ఇది మొదట్లో దొంగతనం కాదు, బీమా. నెల తిరిగేసరికి ఎవరికీ తెలియని ఐదారొందలు అక్కడ పోగవుతాయి. ఒకరోజు బస్సుకి చిల్లర లేక అందులోంచి తీసుకుంటుంది, మర్నాడు పెట్టేస్తుంది. ఇంకోరోజు పెట్టదు. పుస్తకంలో మాత్రం రోజూ తేడా సున్నా. అందుకే అంటాను, నెలంతా పైసా తేడా లేకుండా లెక్క కుదిరే గల్లా కనపడితే మెచ్చుకోకండి, కూర్చుని చూడండి.

పద్ధతి ఇలా ఉంటే మేలు. సాయంత్రం సిస్టమ్‌లో మొత్తం ఎంతుందో క్యాషియర్‌కి కనపడకముందే నోట్ల లెక్క కాగితం నింపాలి, 500లు ఎన్ని, 200లు ఎన్ని అలా చిల్లర దాకా. ఇంకొకరు రెండోసారి లెక్కపెట్టి సంతకం చెయ్యాలి. ఎక్కువైనా తక్కువైనా ఎంతొచ్చిందో అంత రాయాలి. వందలోపు తేడాకి కోత లేదు, ప్రశ్న లేదు. నెలాఖర్లో మాత్రం ఆ అంకెలన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ ఉంటే అది చెయ్యి తడబాటు. ఎప్పుడూ ఒకే వైపు, ఒకే షిఫ్టులో జారుతుంటే అప్పుడు మాట్లాడాలి. సంజాయిషీ అడక్కుండా జీతం కొయ్యడం చట్టం ఎలాగూ ఒప్పుకోదు. రద్దుచేసిన బిల్లులు గంటలవారీగా చూడండి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గుంపుగా కనపడితే కారణం ఉంటుంది. వెనక్కి తీసుకున్న సరుకు బిల్లుల్లో వారానికి ఓ ఐదు ఏరి, ఆ కొనుగోలుదారులకి ఫోన్ చెయ్యండి. ఇంకొకటి, పొద్దున్నే కొట్టు తెరవగానే కౌంటర్ మీది ప్రతి క్యూఆర్ కోడ్‌కీ ఒక్క రూపాయి పంపించి అది మీ ఖాతాకే చేరుతోందా చూసుకోండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ అతికించడానికి పది సెకన్లు చాలు.

“మా గుమాస్తా పదేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదండీ” అని గర్వంగా చెప్పేవాళ్లుంటారు. అది విశ్వాసం కావచ్చు. తను లేని రోజు ఇంకొకరు ఆ పుస్తకం తెరిస్తే ఏం బయటపడుతుందోనన్న భయమూ కావచ్చు. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి, అదే చిక్కు. కీలకమైన పనుల్లో ఉన్న బ్యాంకు సిబ్బంది ఏడాదికి కనీసం 10 పనిదినాలు ఒకే విడతలో, ముందుగా చెప్పకుండా, సెలవులో ఉండేలా చూడమని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. కొట్టుకి అంత అక్కర్లేదు, వారం చాలు. ఆ వారం ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి, ఫోన్లు కూడా వాళ్లే ఎత్తాలి. నిజాయితీపరుడికి విశ్రాంతి దొరుకుతుంది. మీకు నిద్ర దొరుకుతుంది.

నమ్మకమైన మనుషులు డబ్బు ఎందుకు కాజేస్తారని డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త అలాంటి నేరాలకు జైలుకెళ్లిన ఖైదీల్ని అడిగి 1953లో తేల్చిన సంగతి ఇప్పటికీ పనికొస్తుంది. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, అందుబాటులో ఉన్న అవకాశం, తనకు తాను చెప్పుకునే సర్దుబాటు మాట. మూడూ కలవాలి. మన దగ్గర అవకాశం మీద తాళాలు, కెమెరాలు పెడతారు. సర్దుబాటు మాట మీద ఉపన్యాసాలిస్తారు. మొదటిదాన్ని ఎవరూ ముట్టుకోరు. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ దందా బయటపడ్డప్పుడు చిన్న చిన్న అప్పులు మనుషుల్ని ఎక్కడికి తోస్తాయో రాష్ట్రమంతా చూసింది. అలాంటి అప్పులోనో, క్రికెట్ పందెంలోనో ఇరుక్కున్న ఉద్యోగి చేతికి రోజూ మూడు లక్షల క్యాష్ ఇచ్చి బ్యాంకుకి పంపుతూ, అతను జీతం మీద పదివేలు అడ్వాన్స్ అడిగితే “దసరాకి చూద్దాంలే” అనడం కంటే తెలివితక్కువ పని లేదు. నెల జీతం దాకా వడ్డీ లేని అడ్వాన్స్, రెండు రోజుల్లో నిర్ణయం, ఐదారు వాయిదాల్లో కోత, కారణం అడిగేది ఒక్కరే, అదీ తలుపు వేసి. దీనికయ్యే ఖర్చు వడ్డీ మాత్రమే.

జీతాలు పెంచితే అన్నీ సర్దుకుంటాయా అంటే, సగమే. మరీ తక్కువ జీతం సర్దుబాటు మాటని చాలా సులువు చేస్తుంది, “వాళ్లు నాకు బాకీ” అని. అంతకు మించి జీతానికి మహిమ లేదు. కోట్లలో జీతం తీసుకునేవాళ్లే కోట్లు మింగిన కథలు మనకు కొత్త కాదు.

జరిమానాల మీద మన యజమానులకున్న నమ్మకం కూడా ఒకసారి తిరగేసి చూడాలి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి జరిమానా పెట్టి చూశారు. ఆ అధ్యయనం 2000లో వచ్చింది. పది కేంద్రాల్లో ఆరింటిలో జరిమానా పెడితే అక్కడ ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. “టీచరమ్మ ఎదురుచూస్తుంది పాపం” అన్న మొహమాటం పోయి, “డబ్బు కడుతున్నాంగా” అన్న ధీమా వచ్చింది. తర్వాత జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. మీ గోడౌన్‌లో “హెల్మెట్ లేకపోతే 100 రూపాయలు”, “బిల్లు రాయకపోతే 500” అని బోర్డు పెట్టినప్పుడు మీరు నియమం పెట్టారా, రేటు పెట్టారా? చిన్న జరిమానా చాలాసార్లు రేటే.

అసలు గట్టి చిక్కు యజమాని దగ్గరే మొదలవుతుంది. బిల్లు లేకుండా అమ్మే జీరో వ్యాపారం చేసే కొట్లో రెండు పుస్తకాలుంటాయి, ఒకటి జీఎస్టీకి, ఒకటి ఇంటికి. రెండోది రాసే గుమాస్తాకి ఆ రోజు నుంచి ఉద్యోగ భద్రత వచ్చేసినట్టే. వాడు తర్వాత నెలకి ఐదువేలు మింగినా ఏ మొహం పెట్టుకుని పోలీసులకి చెబుతారు? తేలుకుట్టిన దొంగలా ఉండాల్సిందే. పైగా వాడి తర్కంలో తప్పు కూడా కనపడదు. “అయ్యగారు ప్రభుత్వానికి ఎగ్గొట్టిన దాంట్లోంచి నేను కొంచెం తీసుకున్నా.” కొట్టు డబ్బుతో ఇంటి పెట్రోలు, బావమరిది పెళ్లి ఖర్చు రాయించే యజమానికీ ఇదే గతి. గుమాస్తాకి రాయడం నేర్పింది ఎవరు?

పెద్ద సంస్థల్లో ఇదే కథ సూటుబూటుతో నడుస్తుంది. తెలుగువాళ్లకి సత్యం కంప్యూటర్స్ కంటే దగ్గరి ఉదాహరణ ఉండదు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో అన్నిటికంటే భయపెట్టేది వేలకోట్ల అంకె కాదు. అసలు లాభానికీ పుస్తకంలో లాభానికీ మధ్య మొదట ఉన్నది చిన్న ఖాళీ అని, అది ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందని రాసిన వాక్యం. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకి పుస్తకాల్లో ఆదాయం 2,700 కోట్లు, అసలు 2,112 కోట్లు. నిర్వహణ లాభం పుస్తకాల్లో 649 కోట్లు, అసలు 61 కోట్లు. పులి మీద స్వారీ చేస్తూ దిగే దారి తెలియని పరిస్థితి అని ఆయనే రాసుకున్నారు. అదే 2008 సెప్టెంబరులో ఆ సంస్థకి ఉత్తమ కార్పొరేట్ పాలనకి అంతర్జాతీయ అవార్డు కూడా వచ్చింది. స్వతంత్ర డైరెక్టర్లున్నారు, పేరున్న ఆడిటర్లున్నారు, నియమావళి ఉంది. మొదటి త్రైమాసికంలో “ఈసారి లాభం తగ్గింది” అని చెప్పే ధైర్యం ఖరీదు అప్పటికి కొన్ని రూపాయల షేరు ధర. దాన్ని వాయిదా వేసుకుంటూ పోతే ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి.

అవార్డులు, ప్రతిజ్ఞలు, గోడ మీద ఫ్రేము కట్టిన విలువలు నాకు పెద్దగా నమ్మకం కలిగించవు. ఫారం పైభాగంలోనే ‘నిజమే రాస్తాను’ అని సంతకం చేయిస్తే జనం నిజం ఎక్కువ రాస్తారని 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, చాలా సంస్థలు అనుసరించాయి. 2021లో అందులోని సమాచారమే కల్పితమని తేలి పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద రాసిన పత్రం! దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ పక్క టేబులువాడు పట్టుకుంటాడు. మోసాల పరిశీలకుల అంతర్జాతీయ సంఘం 2024 నివేదికలో చూసిన 1,921 కేసుల్లో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్లే బయటపడ్డాయి. అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా ఉద్యోగులే. అంటే మీ సంస్థలో జరుగుతున్నది ఎవరో ఒకరికి ఇప్పటికే తెలుసు. వాళ్లెందుకు చెప్పరన్నదే ప్రశ్న.

దానికి జవాబు మనం రోజూ ప్రయాణించే రోడ్డు మీదే ఉంది. గుంటూరు నుంచి విజయవాడ మీదుగా వెళ్లే జాతీయ రహదారి నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజిలో భాగం. ఆ పథకంలోనే జార్ఖండ్‌లో పనిచేసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే అక్రమాల గురించి ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. తన పేరు రహస్యంగా ఉంచమని అందులోనే కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది. అయినా దేశంలో ప్రతి గుమాస్తా, ప్రతి జూనియర్ ఇంజనీరు ఆ సంఘటన నుంచి ఏం గ్రహించి ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఆ తర్వాత వచ్చిన 2014 నాటి ఫిర్యాదుదారుల రక్షణ చట్టాన్ని అమల్లోకే తేలేదు. కంపెనీల చట్టం ప్రకారం ఫిర్యాదు వ్యవస్థ ఉండాల్సింది లిస్టెడ్ కంపెనీలకి, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవాటికి, 50 కోట్లకు పైగా బ్యాంకు అప్పులున్నవాటికి. మన ఊళ్లో ముప్ఫైమంది పనిచేసే సంస్థకి అది వర్తించదు. ఎవరిది వాళ్లే కట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు లేదు. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలు, బయటి సభ్యులొకరు తప్పనిసరి. ఫిర్యాదుకి గడువు 3 నెలలు, విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ లేకపోతే 50 వేల దాకా జరిమానా. బట్టల షోరూముల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే ఆడపిల్లల్ని “మీ కమిటీలో ఎవరున్నారమ్మా?” అని అడిగి చూడండి. పేర్లు చెప్పలేకపోతే ఆ కమిటీ ఫైల్లోనే ఉందని అర్థం.

మిగతా ఫిర్యాదులకి చిన్న సంస్థలో ఏం చెయ్యొచ్చంటే, వినే మనిషి మీ బావమరిది కాకూడదు, మీ పుస్తకాలు రాసే ఆడిటరూ కాకూడదు. ఊళ్లో గౌరవమున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరో, ఇంకో చార్టర్డ్ అకౌంటెంటో అయితే మంచిది. పెట్టె పెడితే అది కెమెరా కింద ఉండకూడదు. నవ్వకండి, కెమెరా కిందే ఉంటాయి చాలాచోట్ల. మూడు రోజుల్లో ‘అందింది’ అని, నెలలోపు ‘ఇది చేశాం’ లేదా ‘ఇందులో తప్పు కనపడలేదు’ అని నోటీసు బోర్డులో పేర్లు లేకుండా రాయాలి. జవాబు రాని పెట్టెలో రెండోసారి ఎవరూ కాగితం వెయ్యరు. కక్ష సాధింపు తిట్లలో కనపడదు, డ్యూటీ చార్టులో కనపడుతుంది. చెప్పినవాడికి వరసగా ఆదివారాలు, రాత్రి షిఫ్టులు, అడిగినప్పుడు దొరకని సెలవులు. ఆరు నెలలపాటు ఆ చార్టు యజమానే స్వయంగా చూడాలి.

మామూళ్ల గురించి రాయకపోతే ఈ వ్యాసంలో విజయవాడ పేరు ఎత్తకూడదు. ట్రిప్పు అడ్వాన్స్ ఇచ్చి “దారిలో నువ్వే చూసుకో” అని డ్రైవర్‌ని పంపితే, తిరిగొచ్చాక ‘ఇతర ఖర్చులు’ అని వోచర్ వస్తుంది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇచ్చానని చెప్పుకోవాలంటే 7 రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. మన రాష్ట్రంలో అందుకు ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ ఉంది. ఉద్యోగి ఇస్తే సంస్థ మీదా కేసు పడొచ్చు, తగిన జాగ్రత్తలు తీసుకున్నామని చూపించగలిగితేనే బయటపడతారు. యజమాని సమ్మతితో జరిగిందని తేలితే ఆయనకీ జైలే. ‘నువ్వే చూసుకో’ అన్న మాట ఆ డ్రైవర్ కోర్టులో చెబితే ఏమవుతుంది?

నా అంచనాలో లంచాల్లో సగం ఆలస్యంగా మేల్కొన్నందుకు కట్టే రుసుము. లారీ ఫిట్‌నెస్, ఫైర్ ఎన్‌ఓసీ, ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు గడువు రేపనగా గుర్తొస్తే ఉద్యోగిని కవరిచ్చి పరిగెత్తిస్తారు. గడువులన్నీ ఒక కాగితం మీద రాసి, 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర, తేదీ ఉన్న కాపీ దాచుకుంటే అడిగేవాడి చేతిలోని ప్రధాన ఆయుధం పోతుంది. మిగతాది యజమాని ఓపిక. “డబ్బివ్వలేదు సార్, ఇంకో పదిహేను రోజులు పడుతుందట” అని చెప్పిన మనిషిని ఆరోజు తిట్టకుండా ఉండగలరా?

ఇదంతా నిజంగా పరీక్షకి వచ్చేది మీకు ఎక్కువ వ్యాపారం తెచ్చే మనిషి దొరికిపోయిన రోజు. సూర్యారావుపేటలో ఆసుపత్రి అనుకోండి, రోగుల్ని తెచ్చినందుకు బయటివాళ్లకి కమీషన్లిస్తున్న మార్కెటింగ్ మేనేజర్. వైద్యులకి అలాంటి కమీషన్లు 2002 నాటి వృత్తి నియమాల్లోనే నిషేధం, అయినా ఆయన నెలకి వందమందిని తెస్తాడు. స్టాఫ్ నర్సు నుంచి వాచ్‌మన్ దాకా అందరి చూపూ యజమాని గది తలుపు మీదే. క్యాంటీన్ కుర్రాడు వెయ్యి రూపాయలు తీస్తే పది నిమిషాల్లో గేటు బయట పెట్టారని వాళ్లకి గుర్తుంది.

ఆ రోజు చెయ్యాల్సిన పనులు ముందే రాసి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు బుర్ర పనిచెయ్యదు. మధ్యాహ్నంలోపు అతని లాగిన్లు, సంతకం అధికారం ఆపాలి. ఫోన్, ఫైళ్లు, వోచర్లు ఇద్దరు సాక్షుల ముందు జాబితా రాసి తీసుకోవాలి. అతని మాట రాతలో తీసుకోవాలి, కేకలు వెయ్యకూడదు. క్యాంటీన్ కుర్రాడికి ఏ నియమం వర్తించిందో అదే ఇతనికీ. సాయంత్రం షిఫ్టు మారకముందే మిగతావాళ్లని పిలిచి, నిందలు వెయ్యకుండా, ఏం ఆపామో, ఎవరు విచారిస్తున్నారో, ఎప్పటిలోగా తేలుతుందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఆరు దాటితే ఎదురు టీకొట్టు దగ్గర కథ తయారైపోతుంది. అందులో అతను పెద్దమనిషి, పట్టించిన నర్సు దుర్మార్గురాలు.